పదకొండు చుక్కల బొమ్మ

నా పరిశోధన గురించి ఇంట్లో చెప్పడం మానేసి చాలాకాలమైంది. గణితంలో నా పనంతా చుక్కలు, గీతలు. చుక్కలకు సున్నా నుంచి అంకెలు వేయాలి. గీతలెన్నో అంతకు మించిన అంకె ఉండకూడదు, ఒకసారి వేసింది మళ్లీ వేయకూడదు. ప్రతి గీతకూ రెండు కొసల అంకెల తేడా వేరువేరుగా రావాలి. ఒక తరహా బొమ్మలన్నిటికీ, అవి ఎంత పెద్దవైనా, ఇలా వేయవచ్చని నిరూపిస్తే నా పీహెచ్‌డీలో మూడో అధ్యాయం పూర్తవుతుంది. కట్టడం పనికి పోయి వచ్చిన అమ్మ నా నోటు పుస్తకం చూసి, ఇంకా ఆ ముగ్గే వేస్తున్నావా అని అడుగుతుంది. మూడేళ్లుగా అదే ముగ్గు.

నిరూపణలో ఒక మెట్టు దగ్గర ఆగిపోయాను. ధర్మపురి కాలేజీలో మా తమిళ గైడు సారు ఏఐని అడగమన్నారు. టీ చల్లారేలోపు రెండు పేజీలు రాసిచ్చింది. నా జన్మలో రాయలేని ఇంగ్లీషు. నాకు అడ్డుపడిన మెట్టు దగ్గర మాత్రం ‘ఇది స్పష్టమే’ అని దాటేసింది. మూడేళ్లు నాకు స్పష్టం కానిది దానికి ఎలా స్పష్టమైందో! అయినా సంతోషించాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెన్నాగరం బస్సులో కూర్చుని, ఊరికే, ఆ తరహాలోనే పదకొండు చుక్కల బొమ్మకు అంకెలు వేసి చూశాను. కుదరలేదు. ఎనిమిది రోజులు, ఉన్న దారులన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోయాను. నలభై పేజీలు నిండాయి, ఒక్క దారీ మిగల్లేదు. అంటే నా సిద్ధాంతమే తప్పు. మూడేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరు.

ఏఐకి చెబితే, నిజమే, చాలా చక్కగా పట్టుకున్నారు, సిద్ధాంతం తప్పు అంది. సారు తన ఫోనులో అడిగితే, సిద్ధాంతం ఒప్పే, చాలా చక్కటి ఫలితం అంది. ఏ ఎండకా గొడుగు. సారు తనకు దక్కిన మెప్పునే నమ్మారు. ఈ వారమే పరిశోధన పత్రికకు పంపుదాం, నీ పేరే ముందుంటుంది అన్నారు. తప్పని తెలిసిన దాని కింద నా పేరు.

ఉండబట్టలేక అమ్మకు చెప్పాను.

“మేస్త్రి కట్టిన గోడకే వంకరుందేమోనని నూలు పట్టి చూస్తారు కదా పాపా. మిషను కట్టిందని ఊరికే ఇడిస్తారా?” అంది అన్నం కలుపుకుంటూ.

మరునాడు నోటు పుస్తకం సారు బల్ల మీద పెట్టాను. ఒక్క పేజీ చదవండి, తప్పుంటే ఒప్పుకుంటాను అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇదంతా ఎవరు సరిచూశారు అని తమిళంలో అడిగారు. నేనే అన్నాను. నువ్వు సరే, ఇంకెవరు అన్నారు. అందుకే మీ దగ్గరకు తెచ్చాను అన్నాను.

సారు చదవలేదు. ఏఐకే చూపిద్దామని ఫోను తీసి మొదటి పేజీకి ఫోటో తీశారు. ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి. అక్షరాలు చెదరకుండా నలభై పేజీలూ నేనే అదిమి పట్టుకున్నాను.