సెలవడిగే పాట

ఎప్పుడో అమెరికాలో పత్తి మూటలు మోసిన ఒక నల్లజాతి కూలీ కట్టిన బ్లూస్ పాటకు 2005లో, అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో, ఏకైక వారసుణ్ణి నేనేనని గట్టిగా నమ్మేవాణ్ణి. కాకినాడ దగ్గర చర్చిలో గిటారు వాయించినవాణ్ణి, పైగా కంపెనీ ఆఫీసులో క్లర్కుని. ఇంతకంటే అర్హత ఏం కావాలి?

పాటలో సంగతి చిన్నదే. తల్లికి జబ్బు చేసింది, ఇంటికి పంపమని కూలీ దొరను అడుగుతాడు. దొర పంపడు. మళ్ళీ అడుగుతాడు. దీన్ని నాకు నేర్పింది మా వర్క్‌షాపులోని ఫిలిప్పీనో వెల్డరు. అతనికి ఓడలో వంటవాడు నేర్పాడట. వంటవాడు దొరను తీసేసి కెప్టెన్ని పెట్టాడు. వెల్డరు కెప్టెన్ని దించి ఫోర్‌మన్‌ని ఎక్కించాడు. ఎవడి దొరను వాడు పెట్టుకోవడమే ఈ పాట పద్ధతి అన్నాడు. చదువులేని మాటలని నవ్వుకుని, నేను మళ్ళీ అసలు దొరనే తెచ్చి కూర్చోబెట్టాను. సంప్రదాయాన్ని కాపాడేవాడు ఒకడుండాలి కదా.

కంపెనీ యాన్యువల్ డేకి ఆ పాట పాడదామనుకున్నాను. నా గొంతు సంగతి మా పాస్టరుగారికి తెలుసు కాబట్టి, పాడటానికి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక పరంజాలు కట్టే కూలీని పట్టాను. శుక్రవారం మధ్యాహ్నం అతను ఖాళీ పెయింటు డబ్బా మీద దరువేస్తూ పాడితే క్యాంపంతా గుమ్మాల్లోకి వచ్చేది. కానీ శిష్యుడికి భక్తి తక్కువ. బ్లూస్‌ని ఒగ్గుకథలా లాగేవాడు. మాటల్ని హిందీలోకి తిప్పి, దొర స్థానంలో మా మేనేజర్ని, అంటే ముదీర్‌ని, పెట్టేశాడు.

"ఏవయ్యా, నీ ఇష్టమొచ్చినట్టు మార్చేత్తావేంటి? పాట పాడైపోద్ది!" అన్నాను.

"ఆ దొరను నేనెన్నడు సూడలేదన్నా. సూడనోన్ని ఛుట్టీ ఎట్ల అడుగుత?" అన్నాడు. డబ్బా పక్కన పెట్టి, "నా ఛుట్టీ కాయితం ముదీర్ సాబ్‌కు పంపినవా? అమ్మకు పానం మంచిగ లేదట," అన్నాడు.

"ఇన్షా అల్లా," అన్నాను. గల్ఫులో క్లర్కులకు అన్నం పెట్టే మాట అది.

కాగితం నా సొరుగులోనే ఉంది. ముదీర్ సంతకం పెడితే అతను వెంటనే విమానం ఎక్కేస్తాడు. ఎక్కేస్తే నా కార్యక్రమంలో పాడేదెవరు? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. నేను దాన్ని కళాసేవ అన్నాను. ఇంకో పది రోజులు ఆ తల్లి ఓపిక పడుతుందని ఆవిడ తరఫున నేనే నిర్ణయించేశాను.

యాన్యువల్ డే సాయంత్రం క్యాంపు ఆవరణలో షామియానా వేశారు. ముందు వరుసలో ముదీర్. హిందీ బాగానే వచ్చిన మనిషి. "ముదీర్ సాబ్, ఛుట్టీ దే దో, అమ్మా బీమార్ హై" అని మా పరంజాల కూలీ గొంతెత్తితే, ముదీర్ తొడ మీద తాళం వేస్తూ తన్మయుడైపోయాడు. తననే సెలవు అడుగుతున్నారన్న అనుమానం లేశమైనా రాలేదు. అయిపోగానే వన్స్‌మోర్ అన్నాడు.

రెండోసారి అతను నావైపు తిరిగి పాడాడు.

"కాగజ్ ఆప్ కే పాస్ నహీ ఆయా సాబ్, గిటార్ వాలే కే పాస్ హై!"

కాగితం సాబ్‌కు చేరలేదని, గిటారువాడి దగ్గరే ఉందని ఆఫీసులో టీ ఇచ్చే మనిషి అతనికి చెప్పి ఉంటాడు. షామియానా మొత్తం ఘొల్లుమంది. ముదీర్ కూడా నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి నన్ను చూశాడు. నా వేళ్ళు మాత్రం సిగ్గులేకుండా తీగలు మీటుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున సంతకం అయింది. అర నిమిషం పట్టలేదు. అతను ఊరు చేరేసరికి తల్లికి దహనమై రెండు రోజులు.

తిరిగొచ్చాక నాతో తగువు పడలేదు. పడి ఉంటే బాగుండేది. తప్పు నాదేనని చెప్పడానికి నాకు మూడు శుక్రవారాలు పట్టింది. నాలుగో శుక్రవారం అతని గదికి వెళ్ళాను. చుట్టూ నలుగురిని కూర్చోబెట్టుకుని ఆ పాటే నేర్పుతున్నాడు. నేను చెప్పిందంతా తలవంచుకుని విన్నాడు. నా భుజాన ఉన్న గిటారు వైపు చూశాడు.

"ఇగ ఈ పాటకు గిటారు వద్దన్నా," అన్నాడు.