ముల్లు చూసి చెప్పండి

పీలమేడులో ఆ కారు మెకానిక్ నోట నేను ఎక్కువగా విన్నది ఒకే మాట: "ముల్లు చూసి చెప్పండి సామీ."

నా కారు వేడెక్కితే ఆగిపోయేది, చల్లారితే నడిచేది. వేరే చోట పెట్రోలు పంపు మార్చినా బాగుపడలేదు. చివరికి ఆగిపోయిన కారును ఆయన షెడ్డుకు తోయించుకెళ్ళాను. ఆయన నన్నే తాళం తిప్పమన్నారు. ఇంజన్ తిరుగుతున్నా అందుకోలేదు; స్టీరింగు వెనక ఇంజన్ వేగం చూపే ఆర్పీఎం ముల్లు సున్నా దాటలేదు. అదే చెప్పాను.

ఆయన బానెట్ కింద చేయి దూర్చి, ఇంజన్ వేగం కొలిచే సెన్సార్ మీద చన్నీళ్ళు పోశారు. "ఇప్పుడు తిప్పండి."

ముల్లు లేచింది. ఇంజన్ అందుకుంది.

"సెన్సార్ పోయుండాది. పంపు మీద తప్పు లేదు."

వచ్చినవాళ్ళందరిచేతా ఆయన అలాగే ముల్లు చూసి చెప్పించుకునేవారు. బండి జబ్బు సొంతదారుకే ముందు తెలియాలన్న మర్యాద కాబోలు అనుకున్నాను.

కొత్త సెన్సార్ బిగిస్తుంటే బోల్టు జారి ఆయన కాలి పక్కనే పడింది. ఆయన నేలంతా తడిమారు. నేనే తీసిచ్చాను.

పని అయ్యాక ఇంజన్ ఆన్ చేశాను. ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టారు. ముల్లు ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది.

"ముల్లు ఎక్కడుండాది సామీ?"

"ఎనిమిది నూర్ల మీద నిలిచుండాది అన్నా," అన్నాను.