అక్క వాయించిన మూకీ

డోరతీ అక్క సమాధిరాయి మీద ఏ మాట చెక్కించాలో ఎర్నెస్ట్ బావ ఇంకా తేల్చుకోలేదు. బైబిలు వాక్యమే కావాలంటాడు. నాకు మాత్రం ఆ మూకీ సినిమా ఆడిన మధ్యాహ్నం అక్క అన్న మాటే గుర్తొస్తోంది.

రంగూన్‌లో తామ్వే పేటలోని మా తెలుగు క్రైస్తవ గుడిలో అక్క పెళ్ళయిన నాటి నుంచీ హార్మోనియం వాయించింది. గుడి గోడలు దాటి, కొత్త జనం ముందు ఒక్కసారైనా వాయించాలని ఆమె కోరిక. పై వాటాలో ఉండే సోయ్ విన్ చౌక్తడా పేటలో ఒక పాత మేడ మీద సినిమాలు వేస్తుంటాడు. ఆ వారం నూరేళ్ళనాటి స్వీడిష్ హాస్యచిత్రం. కరెంటు లేదు. జనరేటరు ప్రొజెక్టరుకే సరి, మూకీకి పక్కన సంగీతం వాయించే కీబోర్డుకు చాలదు.

"ఆంటీ, మీ హార్మోనియం పెట్టె తెస్తారా?" అని అక్కనడిగాడు.

బావ నవ్వాడు. "నువ్వు వాయిస్తే జనం నవ్వరే, లేచి ఆమెన్ అంటారు."

"నవ్వించకపోతే మళ్ళీ గుడి బయట పెట్టె తెరవను, సరేనేటి?" అంది అక్క.

ముందుగా సోయ్ విన్ ఫోనులో సినిమా చూపిస్తే తెల్లబోయింది. "ఏటిది బాబూ! ఎవరూ జారిపడరు, ఎవరూ తన్నుకోరు. ఎక్కడ నవ్వాలి?"

"చూపుల్లో, ఆంటీ. ఈ దర్శకుడు మొగుడూపెళ్ళాలు తలుపు మూసుకున్నాక నవ్విస్తాడు."

నిజమే. భర్త పేపరు వెనక ఉంటాడు. భార్య అద్దంలో అతన్నే గమనిస్తుంటుంది. సోఫా మీద ఎవరో పరాయి మగవాడి చేతితొడుగు. గొడవంతా అంతే.

ఆట మొదలైంది. అక్క భయం కొద్దీ ఎక్కడా ఆపకుండా కీర్తన వెంట కీర్తన వాయించేసింది. తెర మీద స్వీడిష్ అక్షరాలు పడ్డప్పుడల్లా సోయ్ విన్ వాటిని బర్మా భాషలో చదువుతున్నాడు గానీ, ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. నవ్వన్నది లేదు. వెనక వరసలో కొందరు లేచి వెళ్ళిపోయారు.

సోయ్ విన్ గొంతు పెంచి అరిచాడు. అక్క చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

మా గుడి అలవాటది. పిల్లలకు తెలుగు చదవడం రాదు. బావ ముందు చరణం చదివి అందిస్తాడు, అందాకా పెట్టె పలకకూడదు.

"నాకు అనుమానమే లేదు," అని భర్త మాట చదివాడు సోయ్ విన్. తెర మీద భర్త కళ్ళు మెల్లగా చేతితొడుగు మీదికి పోయాయి. అక్క ఆగే ఉంది. తర్వాత ఒకే ఒక్క స్వరం, సన్నగా నొక్కింది.

హాలు గొల్లుమంది.

ఇక ప్రతి చూపునూ బావ అందించిన చరణంలాగే అందుకుంది. లమ్మడా పేట నుంచి వచ్చిన లావుపాటి వ్యాపారి ఒకాయన లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆఖరి రీలుకి ముందు తెర ఖాళీ అవగానే, సినిమా అయిపోయిందనుకుని జనం చప్పట్లు ఆపలేదు. బావే లేచి నిలబడి "ఆమెన్!" అని కేకేశాడు.

అక్క వెనక్కి తిరగనైనా లేదు.

"కూకోండి! ఇంకో చరణం ఉంది."