ఎర్ర సున్నా

కరోనా రోజులు. నేను రాసిన మందు డోసు సరైనదేనా అని ఓ నర్సు రెండోసారి అడిగిందని ఒళ్లు మండుతుండగానే, ఆసుపత్రి డ్యూటీ దిగి ఐర్లండ్‌లోని ములింగార్‌లో ట్రైన్ ఎక్కాను. కూర్చోవద్దని స్టిక్కర్ వేసిన సీటు మీద దుప్పట్లో చుట్టిందేదో పొడుగ్గా ఉంది. దాని అవతల మాస్కులో ఓ ఐరిష్ పెద్దాయన.

"విమానం తోకకుండే చుక్కాని," అన్నాడు నేనడక్కుండానే. విడిభాగాల కిట్ తెప్పించుకుని ఇంటి గరాజ్‌లో సొంతంగా విమానం కడుతున్నాడట. ప్రతి భాగాన్నీ విమానాల ఇన్‌స్పెక్టర్ చూడాలి. కరోనా వల్ల ఆయన ఇళ్లకు రావడం మానేశాడు కాబట్టి ఈయనే మోసుకెళ్తున్నాడు.

దుప్పటి తీసి నా వైపు జరిపాడు. "రేకుల్ని పట్టి ఉంచే ఈ రివెట్లు ఓసారి తడిమి చూడండి."

"వీటి గురించి నాకేం తెలుసు?"

"తెలియకపోతేనే మంచిది. కట్టినవాడి కంటికి అన్నీ బాగానే కనిపిస్తాయి."

శానిటైజర్ రాసుకుని వరసగా తడిమాను. ఒకటి కదిలింది. ఆయన చిన్నబుచ్చుకుంటాడనుకున్నా. "గ్రాండ్!" అని సంబరంగా దాని చుట్టూ ఎర్ర మార్కర్‌తో సున్నా చుట్టాడు.

మర్నాడు మందుల చార్ట్ రాసి, ఆ నర్సు ముందుకు జరిపాను. "ఓసారి చూడండి."

ఆమె ముందు నా మొహంకేసి అనుమానంగా చూసింది. తర్వాత చార్ట్ చూసింది.