రానిదానికి బయట కూర్చున్న పిల్ల

నేను నర్సును. కర్ణాటకలో పేరేసంద్ర దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో నా ఆరోగ్య కేంద్రం ఉంది. ఊరి పేరు చెప్పను. కేంద్రం వెనకే ఒక గది, అదే నా ఇల్లు. నేను పుట్టింది చింతామణిలో. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడగడం కూడా జనం మానేశారు. అది ఒక రకంగా సుఖమే. కానీ అడిగేవాళ్లు లేకపోవడం అంటే ఏమిటో, సాయంత్రం ఒక్కదానికే ఎసరు పెట్టుకునేటప్పుడు తెలుస్తుంది.

సోమవారం సోమవారం హైస్కూలుకు పోయి ఆడపిల్లలకు నీలం రంగు ఐరన్ మాత్రలు మింగించి, ఎదిగే వయసు గురించి పాఠం చెప్పాలి. పాఠం కన్నడలో. పిల్లలు తలలూపేదీ కన్నడలోనే. నిజంగా అడగాల్సింది ఉంటే మాత్రం, పాఠం అయ్యాక గోడ పక్కకు వచ్చి తెలుగులో అడుగుతారు. గర్భసంచి ఎక్కడుంటుందో చార్టు మీద చూపించడం ఎంతసేపు. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఎవరి బాధ ఏమిటో ఆ చార్టుకేం తెలుసు.

ఆ ఊళ్లో నాకు కాఫీ ఇచ్చే ఇల్లు ఒకటుండేది. పాలడైరీకి పోయే దారిలో, ఆవులున్న రైతు ఇల్లు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్ల పెద్దమనిషి అయిందని కబురొస్తే నేనూ పోయాను. మేనమామ కొబ్బరి మట్టలు తెచ్చి వాకిట్లో పచ్చగుడిసె కట్టాడు. పిల్లను అందులో కూర్చోబెట్టి, ఎవరూ తాకకుండా, నువ్వులూ బెల్లమూ ఎండుకొబ్బరీ తినిపించారు. చివరిరోజు ఆరతికి నేనూ పోయి పసుపు రాసి, నువ్వులుండ తిని, హాయిగా తిరిగొచ్చాను. పిల్ల తల ఎత్తకపోతే సిగ్గు అనుకున్నాను.

తర్వాత ఒక సోమవారం, పదహారు నిండుతున్నా ముట్టు రాకపోతే దాచిపెట్టకూడదు, డాక్టరుకు చూపించాలి అని పాఠంలో చెప్పాను. అందరూ పోయాక ఆ ఇంటి పెద్దపిల్ల గోడ పక్కకు వచ్చింది.

"నాకు కాలేదమ్మా. అయింది చెల్లికి."

సంగతి ఇది. చిన్నపిల్లకు ముందు అయింది, పెద్దపిల్లకు కాలేదు. వరస తప్పిందని తెలిస్తే పెద్దదాన్ని ఎవరూ చేసుకోరని తల్లికి భయం పట్టుకుంది. చిన్నదాని సంగతి కప్పిపెట్టి పెద్దదాన్ని గుడిసెలో కూర్చోబెట్టింది. మట్టలు మోసుకొచ్చిన మేనమామకు కూడా తెలియదు. ఊరందరికీ విస్తరి వేసి మరీ చెప్పిన అబద్ధం అది. కాలేదని ఇప్పుడు ఆస్పత్రికి తీసుకుపోదామంటే, అయిందని పెట్టిన భోజనం అడ్డం.

తల్లితో మాట్లాడితే మొదట నా మీద మండిపడింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఊరుకునే రకం కాదు. ఊరికి కడుపునొప్పి అని చెప్పు, డాక్టరుకు నిజం చెప్పు అన్నాను. ముగ్గురం బస్సెక్కి చిక్కబళ్ళాపురం పోయాం. అక్కడ స్కానింగ్ చేశారు. డాక్టరమ్మ మంచి మనిషి. పిల్లను బయటికి పంపకుండా పిల్లకే చెప్పింది. పుట్టుకతోనే గర్భసంచి ఏర్పడలేదంది. మిగతా ఎదుగుదలంతా బాగుందనీ, ఇందులో నీ తప్పు గానీ మీ అమ్మ తప్పు గానీ లేదనీ చెప్పింది. ముట్టు రాదు, బిడ్డను కడుపున మోయడం కుదరదు. పెళ్లీ పిల్లలూ అనే మాటలు వయసొచ్చాక నువ్వే వచ్చి అడుగు, అప్పుడు దారులు చెప్తాను అంది. పిల్ల సరే అంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ద్రాక్షతోటలు చూస్తూ వచ్చింది. తల్లి నా పక్కన చోటున్నా వెనక సీట్లో కూర్చుంది.

ఆ రోజుతో నా కాఫీ ఆగిపోయింది. నన్ను చూడగానే తల్లి ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేది. కడుపులో దాచుకున్నది తెలిసిన మనిషి ఎదురుపడితే ఎవరికి బాగుంటుంది. ఆ మాత్రం నాకు అర్థమవుతుంది. అయినా కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మాత్రలతో పని లేకుండా నన్ను రమ్మని పిలిచిన గడప ఆ ఊళ్లో అదొక్కటే.

అబద్ధాన్ని కూడా ఆవులాగే మేపుతూ ఉండాలి. ఆ ఇళ్లలో ముట్టయిన ఆడది మూడు రోజులు బయట ఉంటుంది. పెద్దపిల్ల అలా కనబడకపోతే డైరీ దగ్గర ఆడవాళ్లు లెక్కలు వేస్తారు. అందుకని తల్లి ప్రతి నెలా ఆమెను కొట్టం పక్కన గోనెపట్ట మీద, వేరే కంచమూ వేరే చెంబూ ఇచ్చి కూర్చోబెట్టేది. నెలలు గడిచినా అది ఆగలేదు.

ఒక సెలవురోజు వాళ్ల పక్కింటి బాలింతను చూసి వస్తూ ఆ పిల్ల దగ్గర ఆగాను. ఒళ్లో పుస్తకం ఉంది కానీ చదవడం లేదు. నన్ను చూసి మెల్లిగా అడిగింది, ఇది ఆడవాళ్లకు ఏ వయసుకు నిలిచిపోతుందని. నలభై అయిదు, కొందరికి యాభై అని అలవాటుగా చెప్పాను. చెప్పాక గానీ ఎందుకు అడిగిందో నాకు తట్టలేదు.

"అన్నేండ్లు నేనీడ కూచోవల్లా అమ్మా?"

గోనెపట్ట మీద పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. ఆ పిల్ల కూడా గట్టిగా పట్టుకుంది. అంతలో తల్లి పాలక్యానుతో బయటికొచ్చింది. మా చేతులు చూసింది. పక్కింటి వాకిట్లో బట్టలారేస్తున్న ఆడమనిషిని చూసింది. ఆమెకు వినబడేలా నాతో అంది.

"బిడ్డను ముట్టుకుంటివి గదా నర్సమ్మా. ఇంటికి పోయి తలకు నీళ్లు పోసుకో."

పిల్ల తనే ముందు చేయి లాక్కుని, తన మైల నాకంటుతుందేమో అన్నట్టు, గోనెపట్ట చివరికి జరిగింది.

నేను ఇంటికొచ్చి నీళ్లు పోసుకోలేదు. పోసుకోలేదని చెప్పుకోవడానికి నా గదిలో ఎవరూ లేరు. ఆ పిల్లకు ఇంటినిండా మనుషులున్నారు, చెప్పుకోవడానికి ఆమెకూ ఎవరూ లేరు.