మీటరు బోర్డులో లేని బల్బు

ముందే చెప్పేస్తున్నాను. నాకు ఒకటిని పది చేసి చెప్పే జబ్బుంది. అరకు పొగమంచుని హాక్సా బ్లేడుతో కోసి, ముక్కలు పక్కన పేర్చి, దారి చేసుకుని షెడ్డు తలుపు తీసేవాడినని మా బావమరిదికి చెప్పాను. వాడు నమ్మేసరికి, ఆ ముక్కల్లో రెండు వేసవి కోసం దాచానని కూడా చెప్పాను. కాబట్టి ఇందులో మంచునీ, మలుపుల్నీ, నా పనితనాన్నీ కాస్త తగ్గించి చదువుకోండి. ఒక్క ముక్క మాత్రం పెంచి చెప్పింది కాదు, అచ్చంగా కల్పించింది. అదేదో చివర్లో చెప్తాను.

2006వ సంవత్సరం. అరకు నుంచి అనంతగిరి వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు. పైన రేకులు, కింద బండి కిందకి దిగి పనిచేసే గొయ్యి, పక్కన అప్పలమ్మ బజ్జీల బడ్డీ. నా దగ్గరికి వచ్చేవి సంతకి అరవై మందిని మోసే జీపులు. (ముప్పై మందే. చెప్పాను కదా.) వాటికి హారన్ ఉండదు, డోరుండదు, ఒక్కోసారి బ్రేకూ ఉండదు. నమ్మకం మీద నడుస్తాయి. అలాంటి వాటి మధ్యకి ఒకరోజు సూర్యారావు గారి కారు, పశువుల సంతలోకి వచ్చిన కలెక్టరులా వచ్చి నిలబడింది.

సూర్యారావు గారు రోడ్లేసే కాంట్రాక్టరు. విశాఖపట్నం మనిషి, పనుల కోసం అరకులో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. కారు విదేశీ కంపెనీది, సెకండ్ హ్యాండుది. పదేళ్లు సముద్రపు గాలి తాగి తుప్పెక్కి, ఆ తర్వాత కొండెక్కింది. కానీ అందులో ఏబీఎస్ ఉంది. ఆ రోజుల్లో మా వైపు ఆ మూడక్షరాలు విన్నవాళ్లు ముగ్గురే. ఒకడిని నేను, మిగతా ఇద్దరికీ నేనే చెప్పాను.

ఏబీఎస్ అంటే, బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారిపోకుండా, బ్రేకుని క్షణానికి పదిసార్లు వదులుతూ పట్టుకుంటూ ఉండే ఏర్పాటు. చక్రం తిరుగుతోందా, ఆగిందా అన్నది దానికి చెప్పేది సెన్సర్. చక్రంతో పాటు పళ్ల రింగు ఒకటి తిరుగుతుంది. దాని పక్కనే వేలెడంత సెన్సర్ కూర్చుని ఒక్కో పన్నూ లెక్కపెడుతుంది. ఎక్కడైనా తేడా వస్తే మీటరు బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది.

ఆ లైటే సూర్యారావు గారి బాధ. "ఏవయ్యా మేస్త్రీ, ఈ పసుపు లైటు ఓసారి వెలుగుద్ది, ఓసారి ఆరిపోద్ది. పక్కన కూర్చున్న ఇంజినీరు గారు 'బండి పాతదా?' అని అడుగుతున్నాడు. నా పరువేం కాను?" అన్నాడు.

దానికి మా కొండల్లో తరతరాలుగా ఒక వైద్యం ఉంది. మీటరు బోర్డు విప్పడం, ఆ లైటు బల్బు పీకేయడం. ఆయిల్ లైటు జోలికి మాత్రం వెళ్లకూడదు, మిగతావి పీకినా పాపం లేదని మా గురువులు చెప్పారు. అలా పీకిన బల్బులు నా దగ్గర ఒక గాజు సీసా నిండా ఉండేవి, క్రిస్మస్‌కి చర్చి మొత్తం అలంకరించొచ్చు. పావుగంట పనికి కారుని రెండు రోజులు షెడ్డులో ఉంచి, బాగుచేసినట్టు నటించి ఇచ్చేశాను.

"మళ్లీ వెలగదు కదా?" అని అడిగాడాయన.

"తప్పుంటేనే వెలుగుద్ది సార్. వెలగలేదంటే బండి బంగారం" అన్నాను.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను, ఆయన మర్చిపోలేదు.

ఆ కారు డ్రైవరు దాసు. అనంతగిరి పక్క గూడెం మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, దాసన్నా అని పిలిచేవాడిని. వాళ్ల చర్చిలో పెద్ద. జీలుగు కల్లు కుండ పక్కన పండగంతా కూర్చుని మంచినీళ్లు తాగి లేచే మనిషి. డిసెంబరులో ఒక పొద్దున్న ఆ కారు తీసుకుని వచ్చాడు.

"మేస్త్రీ, ఆగబోయే ముందు కాలికింద పెడలు గడగడ కొట్టుకుంటంది. బ్రేకు ఒదిలీసినట్టు బండి ముందుకెల్లిపోతంది."

తాళాలు లాక్కుని కారుని రోడ్డు మీద విమానంలా తోలాను. స్పీడులో నాలుగుసార్లు తొక్కాను. శిలలా ఆగింది.

"ఏటీ లేదు దాసన్నా. చలికి నీ కాలే కొట్టుకుంటోంది."

"స్పీడులో కాదు మేస్త్రీ. మెల్లగా ఎల్లి తొక్కు. ఆకరి పదడుగుల్లోనే వత్తాది."

"నాకు నేర్పుతావా? నీ వయసంత నా సర్వీసు" అన్నాను. ఆయన వయసు యాభై, నాది నలభై. దాసన్న నవ్వి వెళ్లిపోయాడు. పెద్దమనిషి, లెక్క కూడా అడగలేదు.

ఆ తర్వాత రెండో ఆదివారం. అనంతగిరి దగ్గర కాఫీ తాగడానికి బళ్లు ఆగే చోటు, టూరిస్టుల తిరనాళ్ల. సూర్యారావు గారు చుట్టాలతో వెనక కూర్చున్నారు. దాసన్న మనిషి నడకంత నెమ్మదిగా కారుని పక్కకి తీశాడు. బ్రేకు తొక్కాడు. పెడలు గడగడమంది, కారు ఆగలేదు, వెళ్లి కాఫీ బల్లని గుద్ది, వెనకున్న రాతి గోడకి ఆనింది. బంపరు విరిగింది, లైటు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దాసన్నకి తప్ప. సూర్యారావు గారు దిగి, అంతమంది ముందూ, "పొద్దున్నే తాగొచ్చి తోల్తావురా?" అని తాళాలు లాక్కున్నాడు. "బండిలో తప్పుందయ్యా" అని దాసన్న అంటే, "తప్పుంటే లైటు వెలిగేది. మేస్త్రీయే చెప్పాడు" అన్నాడట.

మర్నాడు కారు బంపరు కోసం నా షెడ్డుకొచ్చింది. ఆ వెనకే దాసన్న గూడెం నుంచి నడిచి వచ్చాడు.

"పని పోతే పోనీ మేస్త్రీ, బరువులు మోసుకుంటాను. తాగుబోతునన్నాడు. నిన్న సాయంత్రం చర్చిలో వాక్యం సదవడానికి లేత్తే, ముందు వరసలో గుసగుసలు. నాను తాగలేదని నువ్వు సెప్పక్కర్లేదు, అది దేవుడికి తెలుసు. బండిది తప్పని సెప్పు. అది నీకే తెలుత్తాది."

కాదనలేకపోయాను. కంప్యూటరు పెట్టి చూసే స్కానర్ మాకు విశాఖలోనే. కానీ ఆ పాత కార్లలో ఒక దొంగదారి ఉంది. డ్యాష్‌బోర్డు కింద ఉండే కనెక్టర్‌లో రెండు పిన్నులని వైరు ముక్కతో కలిపి తాళం తిప్పితే, ఏబీఎస్ లైటు మిణుకు మిణుకుమని ఏ చక్రంలో రోగముందో లెక్కపెట్టి చెప్తుంది. దాసన్నని సీట్లో కూర్చోబెట్టి, నేను కింద దూరి వైరు కలిపాను.

"లెక్కెట్టు దాసన్నా. ఎన్నిసార్లు వెలిగింది?"

"ఎలగలేదు మేస్త్రీ."

"సరిగ్గా చూడు."

"సూత్తన్నాను. అక్కడ దీపమే నేదు."

డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా ఉండి ఆ మాట విన్నాను. దీపం ఎక్కడుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? లేచి వెళ్లి సీసా వంపి, సరిపోయే బల్బు ఏరి తెచ్చి పెట్టాను.

"అది మా బండిదేనేటి?" అన్నాడు.

"కొత్తది. పాతది మాడిపోయింది" అన్నాను.

బల్బు వెలిగింది. కుడి ముందు చక్రం అని చెప్పింది. సెన్సర్ ఊడదీసి మీటరుతో ఓమ్స్ చూశాను, అంటే లోపలి తీగ తెగిందో లేదో చూడటం. బాగానే ఉంది. కొసన అయస్కాంతానికి అంటుకున్న ఇనప పొడి తుడిచి మళ్లీ బిగించి, చక్రం పైకెత్తి చేత్తో తిప్పుతూ మీటరు ముల్లు చూశాను. ప్రతి చుట్టులో ఒక్కసారి ముల్లు టక్కున పడిపోతోంది. తప్పు సెన్సర్‌ది కాదు. పళ్ల రింగు కింద తుప్పు ఉబ్బి, రింగు నిలువునా చీలింది. చీలిక దగ్గర ఒక పన్ను తప్పినట్టు లెక్క. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఆ సందు రాగానే, చక్రం బిగుసుకుపోయిందనుకుని కారులోని ఏబీఎస్ కంప్యూటరు బ్రేకుని వదిలేస్తోంది. స్పీడులో ఆ సందు తెలియదు. అందుకే నా విమానానికి దొరకలేదు. దాసన్న చెప్పిన ఆఖరి పదడుగులు అక్షరాలా నిజం.

విశాఖ పాత ఇనుము కొట్లో అదే రకం కారు రింగు దొరికింది. అప్పలమ్మ బజ్జీల నూనెలో దాన్ని మరగబెట్టి, వేడికి సాగగానే చక్రం ఇరుసు మీదికి జారవిడిచి బిగించాను. "ఏటి సేత్తన్నావు మేస్త్రీ, నా నూని!" అని ఆవిడ పెట్టిన కేక ఒరిస్సా దాకా వినిపించింది. దాసన్నే తోలి చూశాడు. మనిషి నడకంత నెమ్మదిగా వచ్చి, నా బొటనవేలి ముందు జానెడు దూరంలో ఆపాడు. పెడలు కిమ్మనలేదు.

ఆ సాయంత్రమే చీలిన రింగు గుడ్డలో చుట్టుకుని సూర్యారావు గారింటికి వెళ్లాను. వరండాలో నిలబడి, "సార్, తప్పు బండిది. లైటు వెలగకపోవడం తప్పు నాది, బల్బు పీకింది నేనే. ఆ మనిషి తాగలేదు" అన్నాను. ఆయన మీసం వాలిపోయింది. రింగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాతి ఆదివారం గూడెం వెళ్లి, చర్చి బయట అందరి ముందూ తాళాలు దాసన్న చేతిలో పెట్టాడు.

ఇదే ఆ ముక్క. ఇది జరగలేదు.

వెళ్లడం వెళ్లాను. రింగు కూడా తీసుకెళ్లాను, జేబులోనే ఉంది. "ఏటైంది బండికి?" అన్నాడాయన. అప్పటికి ఆయన కంకర తోలే టిప్పర్లన్నీ కూడా నా షెడ్డుకే వస్తున్నాయి. "ఏం లేదు సార్, బంపరు మార్చాను, లైటు మార్చాను, బ్రేకులు శుభ్రం చేశాను" అన్నాను. "అంటే వాడు తాగే గుద్దాడన్నమాట" అన్నాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

మర్నాడు దాసన్న వచ్చాడు. "సెప్పావా మేస్త్రీ?" అన్నాడు.

"చెప్పాను దాసన్నా. వినలేదు."

నా జన్మలో నేను పెంచకుండా చెప్పిన పెద్ద అబద్ధం అదొక్కటే. మూడే ముక్కలు. అందుకేనేమో నమ్మాడు.

ఆ కేసు నేర్పింది చాలానే ఉంది. డ్రైవరు కాలికి తెలిసింది మేస్త్రీ మీటరుకి తెలియదు. నెమ్మదిగా వచ్చే రోగాన్ని స్పీడులో వెతక్కూడదు. దీపం పీకితే రోగం పోదు, సాక్షి పోతాడు. ఇప్పుడు ఎవరొచ్చి బల్బు పీకమన్నా పీకను, వేరే షెడ్డు చూసుకోమంటాను. అంతవరకు నేర్చుకున్నాను.

దాసన్న తర్వాత కాఫీ బస్తాలు మోశాడు. చర్చిలో వాక్యం చదవడానికి మళ్లీ లేవలేదట. షెడ్డు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా బస్తా దించి, "నా తరపున మాటాడినోడివి నువ్వొక్కడివే మేస్త్రీ" అని దండం పెట్టేవాడు. నేను తిరిగి పెట్టేవాడిని.