నేను అసూయపడిన రెడ్డెప్ప

రెడ్డెప్ప ఇక లేడు. గత మంగళవారం పొద్దున కుప్పం పట్టుశాల నుంచి ఆ పిడుగులాంటి వార్త వచ్చినప్పుడు నేను మదనపల్లె ఆఫీసులో షిఫ్టుల పట్టిక దిద్దుకుంటున్నాను. గుండెపోటు. నిండా యాభై రెండేళ్లు లేవు. చిరకాల సహచరుణ్ణి కాబట్టి అతని గురించి నాలుగు మాటలు నన్నే రాయమన్నారు. రాస్తాను. కానీ ఆ పుణ్యాత్ముణ్ణి చూసి ఇన్నేళ్లూ కుళ్ళుకున్నవాణ్ణి కూడా నేనే. ఆ సంగతి దాచి రాయడం నాకు చేతకాదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లలోనూ మా యజమానికి పట్టుదారం తీసే శాలలున్నాయి. తొంభైల మొదట్లో మేమిద్దరం ఒకే నెలలో పుంగనూరు శాలలో సూపర్‌వైజర్లుగా చేరాం. నాది ముత్యాల్లాంటి దస్తూరీ, ఎర్ర ఇంకుతో గీసిన పట్టికలు. అతనిది ఒక పాత సంచి, దాన్నిండా బెంగుళూరులో తీయించుకొచ్చిన జెరాక్సు కాగితాలు. సంక్లిష్టతా సిద్ధాంతమట! ఎక్కువమంది కలిసి శ్రమించే చోట పైనుంచి దించిన ప్రణాళిక ఎంతోకాలం నిలవదనీ, పక్కపక్కన ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మెలిగే తీరు కాస్త మారితే సమస్త వ్యవస్థా తనంతట తానే మారుతుందనీ దాని సారాంశం.

"గూళ్లు ఉడకబెట్టేదానికి సిద్ధాంతం యాలప్పా?" అని ఎగతాళి చేశాను.

"ఉడకబెట్టేది మనుషులు గదన్నా!" అని నవ్వాడు. ఆ నవ్వంటేనే నాకు ఒళ్లు మంట.

పట్టుగూళ్లు ఎంతసేపు ఉడకాలన్నది గూటిని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. నేను దానికీ గంట పెట్టించాను. ఏ గూళ్లయినా సరే, గంట కొట్టాకే దించాలి. ఆ ఏడు ముసురులో వచ్చిన మెత్తటి గూళ్లు నా గంట మోగేలోపే చితికిపోయాయి. దారం తెగుతూనే ఉంది. వేడినీళ్ల తొట్లలో చేతులు పెట్టి పనిచేసే ఆడవాళ్ల వేళ్లు బొబ్బలెక్కాయి. అయినా ఒక్కరూ నోరెత్తలేదు. గంట నాది మరి, ఎవరెత్తుతారు? రెడ్డెప్ప తన కింద ఉన్న తొట్ల వరుసకు మాత్రం గంట తీసేయించి, ఒక్క మాట చెప్పాడు. "దారం రెండుసార్లు తెగితే పక్క తొట్టి ఆమెకు సెప్పండమ్మా. ఆమెకూ తెగతాంటే ఇద్దురూ పోయి ఉడకబెట్టే ఆయన్ను నిలపండి. నన్ను అడగొద్దు." వారం తిరక్కుండా ఆ వరుస దారం నునుపుదేలింది. నా వరుస ఆడవాళ్లు అటు తొంగి చూడటం నేను కళ్లారా చూశాను.

ఆ తర్వాత కుప్పం శాల మూతపడే స్థితికి వచ్చింది. రెడ్డెప్పను అక్కడికి పంపమని యజమాని చెవిన వేసింది నేనే. మునిగిపోతాడని ఆశ. అవును, ఆశే. తెలుగువాళ్లు, తమిళులు, కన్నడిగులు అక్కడ మూడు గుంపులుగా కూర్చునేవారు. ఒకరి కష్టం మరొకరికి పట్టేది కాదు. అతను ఉపన్యాసాలివ్వలేదు, ఎవర్నీ చోటు మార్చలేదు. పొద్దుటి టీ ఎవరికి వాళ్లు పోసుకోకూడదు, పక్క గుంపులోని వాళ్లకు పోయాలి అన్నాడు, అంతే. మొదట్లో మూతి ముడుచుకుని పోశారట. ఏడాది తిరిగేసరికి ఒకరి పిల్లకు జ్వరమొస్తే ఇంకొకరు ఆ తొట్టి దగ్గర కూర్చునేవారు. శాల నిలబడింది. ఆ కబురు విన్నరోజు నాకు అన్నం సహించలేదు.

మూడు శాలలకూ కలిపి ఒక మేనేజరు కావలసి వచ్చినప్పుడు యజమాని నా అభిప్రాయం అడిగాడు. "రెడ్డెప్పకు క్రమశిక్షణ పట్టదు" అని నా ముత్యాల దస్తూరీతోనే రాసిచ్చాను. పదవి నాకొచ్చింది. ఆ కాగితం సంగతి అతనికి తెలుసు. తెలిసీ మదనపల్లెలోని నా కొత్త ఆఫీసుకు వచ్చి నాకు చేయి కలిపాడు. పోతూ పోతూ అన్నాడు: "అన్నా, మారాలని పెద్ద ఒట్లేం పెట్టుకోవద్దు. ఎవురన్నా వచ్చి అడిగితే, 'నీకేమనిపిస్తాంది?' అని ముందు అడుగు. ఇంట్లో నేనూ అరిసేవాణ్ణే. మా పిల్లను అట్లా అడగబట్టి ఇంత మాత్రమన్నా మారినా."

"నాకే బుద్ధులు సెప్పేటోడివైనావా?" అన్నాను. ఆ ప్రశ్న నేను ఎన్నడూ ఎవర్నీ అడగలేదు. మంచిది కాదని కాదు, అది అతనిది కాబట్టి.

మంగళవారం మధ్యాహ్నానికి కుప్పం చేరాను. శాలలో సగం తొట్ల దగ్గర పని సాగుతోంది. ఆ వరుసలో పెద్దామె మునెమ్మ. నా నోట వచ్చిన మొదటి మాట, సిగ్గు విడిచి చెబుతున్నాను, "మిగతావాళ్లకు సెలవు ఎవరిచ్చారు?"

"ఎవురియ్యాల సార్?" అంది ఆమె. కళ్లు ధారగా కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. "ఉడికిన గూళ్లు ఉండాయి గదా. సగం మందిమి ఈడ దారం తీస్తాండాము, సగం మంది ఆయన కాడ ఉండారు. వాళ్లు వస్తానే మేం పోతాం."

అక్కణ్ణుంచి అతని ఇంటికి వెళ్లాను. శవం ముందు నిలబడ్డానో లేదో నా సెల్‌ఫోను మోగింది. మదనపల్లె శాల సూపర్‌వైజరు.

"సార్, రెడ్డెప్ప సార్‌కు దండ తీసుకోని బయల్దేరాలని అందురూ గేటు కాడ నిలబడుకోనుండారు. తెమ్మంటారా? చామంతులా, రోజాలా? మీరు సెప్తే..."

వాళ్లను అలా తయారుచేసింది నేనే.

రెడ్డెప్పా, ఈ మూడు ఊళ్లకూ నీలాంటివాడు మళ్లీ దొరకడు. ఆ పదవి నీది, నేను కాజేశాను. చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నీ శవం ముందు నిలబడి కూడా నిన్ను చూసి కుళ్ళుకున్నాను. నేను పోయిననాడు నాకు దండ తేవాలా వద్దా అని వీళ్లు ఎవర్ని అడుగుతారప్పా?